చలికాలపు రోడ్డు సైకిలుకు తక్కువ ఖర్చులో మరో ఫ్రేము: ఏది తీసుకోవాలి?

చంపావతి_గట్టు
నా చలికాలపు రోడ్డు సైకిలు అల్యూమినియం ఫ్రేము పగిలింది. కుడివైపు చైన్‌స్టే (వెనక చక్రం దాకా సాగే కింది గొట్టం) బాటమ్ బ్రాకెట్ గొట్టాన్ని (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) కలిసే చోట, వెల్డింగు అంచు వెంబడి వెంట్రుకవాసి గీత కనిపించింది. బురద అనుకుని తడిగుడ్డతో తుడిచాను, పోలేదు. గోరు అడ్డంగా లాగితే గీతలో పట్టుకుంటోంది, పెడలు మీద బరువు మోపితే ఆ గీత సన్నగా నోరు తెరుస్తోంది. వారంటీ గడువు ఎప్పుడో ముగిసింది.

మిగతా సామాను అంతా బాగుంది. 9 స్పీడు షిమానో సోరా గేర్లు, రిమ్ బ్రేకులు (చక్రం రిమ్మును రబ్బరుతో పట్టి ఆపేవి), 700సి కొలత చక్రాలు, కార్బన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే భాగం) ఉన్నాయి. ఈ సైకిలును కార్తీకం నుంచి మాఘం దాకా వేకువన విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వరకు, సెలవు రోజున చీపురుపల్లి, రాజాం వైపు తొక్కుతాను. తుపాను వానలు, మంచు, పొలాల బురద అన్నీ దీనికే. మంచి సైకిలు మరొకటి ఉన్నా దానిని ఈ కాలంలో బయటకు తీయను. మొత్తం ఖర్చు 20,000 రూపాయలు దాటకూడదు. ఉక్కు మేలా, అల్యూమినియం మేలా, కార్బన్ మేలా? పనిలో పనిగా డిస్క్ బ్రేకులకు మారడం మంచిదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

స్పోకు_తాళం
ముందుగా ఆ సైకిలును తొక్కడం పూర్తిగా ఆపండి. చైన్‌స్టే విరిగితే చక్రం పక్కకు ఒరిగి ఫ్రేములోనే బిగుసుకుంటుంది. వెనక లారీ ఉన్నప్పుడు అది జరగకూడదు.

రెండో మాట. ఏ లోహమన్నది చివర తేల్చుకోవలసిన సంగతి. ఉన్న సామానులో ఎంత భాగం కొత్త ఫ్రేముకు అమరుతుందన్న దానిమీదే మీ ఖర్చు ఆధారపడి ఉంటుంది. ఐదు వేలకు ఫ్రేము కొని, అది మోయించే కొత్త సామానుకు పదిహేను వేలు పోసినవారిని చూశాను. బాటమ్ బ్రాకెట్ గొట్టం వెడల్పు, అందులో మరలు ఉన్నాయా లేక నొక్కి దించే రకమా, సీట్‌పోస్టు మందం, ముందు డిరైలర్ (ముందు పళ్లచక్రాల మీద చైను మార్చేది) పట్టీ కొలత, వెనక డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే చోట్లు) మధ్య దూరం, హెడ్ ట్యూబు (హ్యాండిలు కింద ఫోర్కు దూరే గొట్టం) పొడవు, ఫ్రేము స్టాక్, రీచ్ కొలిచి ఇక్కడ రాయండి. అవి లేకుండా సలహా ఇస్తే అది గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఉక్కు_పక్షం
కొలతలు తప్పకుండా తీయవలసిందే గాని, లోహం సంగతిని అంత తేలికగా పక్కన పెట్టలేం. చలికాలపు సైకిలుకు క్రోమోలి (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కును మించినది లేదన్నది నా గట్టి నమ్మకం. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దుకు లోబడిన ఒత్తిడి ఎన్నిసార్లు పడినా అది అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న ఒత్తిడి కూడా ఏళ్ల తరబడి కూడుతూనే ఉంటుంది. మీ చైన్‌స్టేకు పట్టిన గతి అదే కావచ్చు. పైగా ఉక్కు పగిలితే ఇత్తడితో అతకగలిగే పాత చేతులు బొబ్బిలిలోనూ, పార్వతీపురంలోనూ ఇంకా ఉన్నాయి.

నౌపడ_గాలి
బొబ్బిలిలో కూర్చుని ఉక్కును మెచ్చుకోవడం సులువే. మా వైపు, నౌపడ ఉప్పు మడుల పక్క రోడ్డు మీద, ఉక్కు ఫ్రేము పరిస్థితి వేరుగా ఉంటుంది. వేకువన మంచుతో పాటు ఉప్పు కూడా గొట్టాల మీద దిగుతుంది. పైన పెయింటు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల మాత్రం తుప్పు తింటూ పోతుంది. మా ఇంట్లోని ఉక్కు ఫ్రేములో సీట్‌పోస్టు తీసి చూస్తే లోపలి నుంచి ఎర్రటి పొడి గుప్పెడు రాలింది. సముద్రం పక్కన తొక్కేవారికి అల్యూమినియమే నా సలహా.

ఉక్కు_పక్షం
మీరు చెప్పిన తుప్పు నిజమే, అయితే దానికి నివారణ ఉంది. సీట్ ట్యూబు పైనున్న చీలిక గుండా, గాలి కోసం వదిలిన చిన్న కన్నాల గుండా నీరు లోపలికి దిగి బాటమ్ బ్రాకెట్ దగ్గర నిలుస్తుంది. ఆ గొట్టం అడుగున నీరు పోయే కన్నం మూసుకుపోకుండా చూడాలి. ఏడాదికి ఒకసారి సామాను విప్పి, ఉడికించిన అవిసె నూనెను గొట్టాలలో పోసి, ఫ్రేమును అన్ని వైపులా తిప్పి, మిగిలిన నూనెను కార్చేసి ఆరబెడితే లోపల పొర కడుతుంది. ఆ ఓపిక లేనివారు ఉక్కు కొనకూడదన్న మాటను నేనూ ఒప్పుకుంటాను. ఇంకొక సంగతి, ఉప్పు అల్యూమినియాన్ని కూడా వదలదు. సీసా పట్టే ఉక్కు బోల్టులు అల్యూమినియం గొట్టంలో దిగే చోట పెయింటు పొక్కులు లేస్తుందో లేదో మీ సైకిలు మీదే చూడండి.

నౌపడ_గాలి
చూశాను. పొక్కులు ఉన్నాయి. బోల్టులకు గ్రీజు రాయాలన్న మాట ఎవరూ చెప్పలేదు.

మూడులాంతర్లు
ఫ్రేము మార్చడం ఎందుకు? ఊళ్లో అల్యూమినియం వెల్డింగు చేసేవారు ఉన్నారు కదా. వెయ్యి రూపాయలలో పని అయిపోతుంది.

స్పోకు_తాళం
అది చేయించవద్దని గట్టిగా చెబుతున్నాను. సైకిలు ఫ్రేములలో ఎక్కువగా వాడే 6061 అల్యూమినియానికి బలం వేడి ప్రక్రియ వల్ల వస్తుంది. ఫ్యాక్టరీలో వెల్డింగు పూర్తయిన తరువాత ఫ్రేము మొత్తాన్ని కొలిమిలో పెట్టి, చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచుతారు. ఆ తరువాత మనం ఒకచోట కొత్తగా వెల్డింగు టార్చి పెడితే అతుకు చుట్టూ ఉన్న లోహం మెత్తబడుతుంది, పగులు అతుకు పక్కనే మళ్లీ మొదలవుతుంది. కిటికీ చట్రానికి ఆ పని చాలు. మనిషిని మోసే ఫ్రేముకు చాలదు.

మూడులాంతర్లు
ఈ వివరం నాకు తెలియదు. సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

లెక్కల_మాస్టారు
డిస్క్ బ్రేకుల ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. తడిలో డిస్క్ మేలన్నది నిజం. రిమ్ము అరగకపోవడం రెండో లాభం. మన చలికాలపు బురదలో ఇసుక బ్రేకు రబ్బరు ముక్కలకు పట్టి రిమ్ము గోడను గీరుతుంది. కాని డిస్క్ ఫ్రేము కొంటే డిస్క్ హబ్బులున్న చక్రాలు రెండూ కొనాలి, ఫోర్కు మారాలి, కాలిపర్లు (బ్రేకులో పట్టుకునే భాగాలు) మారాలి. సోరా లీవర్లు ఉంచుకోవచ్చు గాని, కేబుల్‌తో పనిచేసే డిస్క్ కాలిపర్లలో రోడ్డు లీవర్లకు సరిపడేవే కొనాలి. మౌంటెన్ సైకిలు కాలిపర్లు ఎక్కువ కేబుల్ లాగితేనే పట్టుకుంటాయి. 20,000లో ఇదంతా కుదరదు. ఇప్పటికి రిమ్ బ్రేకులతోనే ఉండిపోవడం తెలివైన పని.

సాలూరు_ఘాటీ
మాస్టారి లెక్కలో తప్పు లేదు. అయితే సాలూరు దాటి కొరాపుట్ వైపు ఘాటీ దిగేటప్పుడు తడిసిన రిమ్ బ్రేకు ఎలా ఉంటుందో దిగినవారికే తెలుసు. లీవరు నొక్కిన తరువాత రిమ్ము మీది నీరు తుడుచుకుపోయే దాకా సైకిలు ఆగదు. మలుపు మాత్రం మన కోసం ఆగదు. వర్షంలో ఘాటీలు దిగే ఉద్దేశం ఉంటే కొంతకాలం డబ్బు కూడబెట్టి డిస్క్ సైకిలు కొనుక్కోవడమే మంచిది.

చంపావతి_గట్టు
నా దారులు మైదానంలోనివే. రామతీర్థం కొండ పక్కన చిన్న ఎత్తుపల్లాలు తప్ప ఘాటీలు లేవు. కాబట్టి రిమ్ బ్రేకులతోనే వెళ్తాను.

ఏడురోడ్ల_కూడలి
ఆన్‌లైన్‌లో చైనా కార్బన్ ఫ్రేములు చవకగా కనిపిస్తున్నాయి. తుప్పు ఉండదు, బరువు తక్కువ. అవి ఎందుకు కాకూడదు?

స్పోకు_తాళం
కార్బన్‌కు నీటితో పేచీ లేదు, అది ఒప్పుకుంటాను. కాని ఆ ఫ్రేములలో చాలావాటికి మడ్‌గార్డు బిగించే కన్నాలు ఉండవు, బాటమ్ బ్రాకెట్ నొక్కి దించే రకం అయి ఉంటుంది. నొక్కి దించిన బేరింగు అంచులలో తడి, ఇసుక చేరితే అడుగడుగునా కిర్రుమంటుంది. పైగా సరుకు మన చేతికి అందేసరికి కస్టమ్స్ సుంకం, పన్ను కలిసి ధర మారిపోతుంది. దెబ్బ తగిలితే లోపల పొరలు విడిపోయాయో లేదో కంటికి కనిపించదు. చలికాలపు సైకిలు తరచు జారిపడే సైకిలు కూడా.

రాజాం_రోడ్డు
లోహం గురించి ఇంత మాట్లాడుకున్నాం గాని, అసలు సంగతి ఇంకా రాలేదనిపిస్తోంది. చలికాలపు ఫ్రేముకు మొదటి గుణం మడ్‌గార్డుకు చోటు ఉండడం. మామూలు పోటీ సైకిళ్ల బ్రేకు కాలిపర్ల రీచ్, అంటే బ్రేకు బోల్టు నుంచి రబ్బరు దాకా ఉన్న దూరం, 39 నుంచి 49 మి.మీ. ఉంటుంది. 25 మి.మీ. టైరు వేస్తే మడ్‌గార్డు దూరే సందు ఇంచుమించు మిగలదు. 47 నుంచి 57 మి.మీ. రీచ్ ఉన్న కాలిపర్లకు తగ్గట్టు చేసిన ఫ్రేము, ఫోర్కు అయితే 28 మి.మీ. టైరు వేసి పైన పూర్తి పొడవు మడ్‌గార్డు బిగించుకోవచ్చు. ఈ కొలతను ఫ్రేము మీదే చూడవచ్చు. చక్రం బిగించి, బ్రేకు బోల్టు కన్నం మధ్య నుంచి రిమ్ము మీద రబ్బరు ఆనే పట్టీ మధ్య దాకా స్కేలు పెట్టండి.

ఈ సందు మన జిల్లాలలో ఎందుకు ముఖ్యమో చెబుతాను. నవంబరు చివర వరి కోతలు మొదలైతే చీపురుపల్లి నుంచి రాజాం దాకా రోడ్డంతా గడ్డి. కొన్నిచోట్ల నూర్పిడి కూడా రోడ్డు మీదే. మంచుకు తడిసిన గడ్డిపోచ టైరుకు అంటుకుని పైకి వెళ్తుంది. సందు ఇరుకైతే మడ్‌గార్డు లోపల ఇరుక్కుని, వెనక వచ్చే పోచలన్నిటినీ ఆపి, చివరకు చక్రాన్ని బిగబట్టేస్తుంది. ముందు చక్రానికి అలా జరిగితే మనిషి తలకిందులుగా పడతాడు. ముందు మడ్‌గార్డు కడ్డీలకు, ఏదైనా ఇరుక్కుంటే ఊడివచ్చే ప్లాస్టిక్ క్లిప్పులు దొరుకుతాయి. అవి లేకుండా ముందు మడ్‌గార్డు బిగించవద్దు.

నౌపడ_గాలి
రాజాం_రోడ్డు గారి మాటకు నా ఓటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక పలాస చుట్టుపక్కల రోడ్ల మీద ఆకులు, పుల్లలు, ఇసుక చాలాకాలం ఉన్నాయి. సందు ఎక్కువ ఉన్న సైకిళ్లే తిరగగలిగాయి.

చంపావతి_గట్టు
కొలతలు తీశాను. బాటమ్ బ్రాకెట్ గొట్టం 68 మి.మీ., లోపల మరలు ఉన్నాయి. సీట్‌పోస్టు 27.2. ముందు డిరైలర్ పట్టీ 31.8. వెనక డ్రాపౌట్ల మధ్య 130. ఫోర్కు గొట్టం పై నుంచి కింది దాకా ఒకే మందం, అంగుళంపై ఎనిమిదో వంతు. హెడ్ ట్యూబు 150 మి.మీ., దానిపైన 25 మి.మీ. స్పేసర్లు (హ్యాండిలు ఎత్తు పెంచే రింగులు) ఉన్నాయి. ఫ్రేము స్టాక్ (ఎత్తు), రీచ్ (ముందుకు పొడవు, బ్రేకు రీచ్ కాదు) ఎలా కొలవాలో తెలియలేదు.

లెక్కల_మాస్టారు
సైకిలును సమతలమైన నేల మీద నిలబెట్టి వెనక చక్రాన్ని గోడకు ఆనించండి. గోడ నుంచి బాటమ్ బ్రాకెట్ మధ్యకు ఎంత దూరమో, గోడ నుంచి హెడ్ ట్యూబు పై అంచు మధ్యకు ఎంత దూరమో కొలవండి. రెండింటి తేడా రీచ్. అలాగే నేల నుంచి ఆ రెండు చోట్లకు ఉన్న ఎత్తుల తేడా స్టాక్. టైరులో గాలి సరిగా ఉండాలి. సైజు అంటూ కంపెనీలు రాసే అంకెను నమ్మవద్దు. ఒక కంపెనీ 54 మరొక కంపెనీ 52తో సమానం కావచ్చు. స్టాక్, రీచ్ మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

చంపావతి_గట్టు
స్టాక్ 555, రీచ్ 382 వచ్చాయి.

ఈలోగా రెండు ఫ్రేములు కంటపడ్డాయి. మొదటిది శ్రీకాకుళంలో ఒక పెద్దాయన దగ్గరున్న పాత ఉక్కు రోడ్డు ఫ్రేము. ఫోర్కుతో కలిపి 5,000 అన్నారు. చూడముచ్చటగా ఉంది. వెనక 126 మి.మీ., ఫోర్కు గొట్టం ఒక అంగుళం, పైన మరలున్న రకం. రెండోది విశాఖపట్నంలో ఒకరు అమ్ముతున్న 7005 అల్యూమినియం ఫ్రేము. 57 మి.మీ. రీచ్ బ్రేకులకు చేసినది, మడ్‌గార్డు కన్నాలు ఉన్నాయి, 68 మి.మీ. మరల బాటమ్ బ్రాకెట్, హెడ్ ట్యూబు 170, స్టాక్ 575, రీచ్ 380, సీట్‌పోస్టు 31.6, సీట్ ట్యూబు బయటి మందం 34.9. ఫ్రేము ఒక్కటే అయితే 9,000, దాని ఫోర్కుతో కలిపి 11,500.

ఉక్కు_పక్షం
పెద్దాయన ఫ్రేమును వదలవద్దు! ఉక్కు గనుక వెనక భాగాన్ని 126 నుంచి 130కి జాగ్రత్తగా తెరవవచ్చు. అల్యూమినియానికి ఆ అవకాశమే లేదు.

స్పోకు_తాళం
తెరవవచ్చు, నిజమే. తెరిచిన తరువాత డ్రాపౌట్లను మళ్లీ సమాంతరంగా సరిచేయాలి, వెనక డిరైలర్ బిగించే హ్యాంగరును కూడా సరిచూడాలి. అక్కడితో అయిపోదు. ఫోర్కు గొట్టం అంగుళమే కాబట్టి ఈయన కార్బన్ ఫోర్కు అందులో ఎక్కదు, ఉన్న స్టెమ్ము (హ్యాండిల్‌బారును పట్టే ముక్క) పట్టదు. కొత్త హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగులు), పాత రకం స్టెమ్ము, దానికి సరిపడే హ్యాండిల్‌బారు వెతకాలి. ఆ ఫ్రేము 27 అంగుళాల చక్రాలకు చేసినదైతే 700సి రిమ్ము వ్యాసార్ధం 4 మి.మీ. తక్కువ కాబట్టి బ్రేకు అంత కిందికి అందాలి. ఇటలీ మరలైతే గొట్టం 70 మి.మీ. ఉంటుంది, ఇప్పుడున్న బాటమ్ బ్రాకెట్ బేరింగు కప్పులు పనికిరావు. ఐదు వేల ఫ్రేము అలాగే పెరుగుతుందని మొదటే చెప్పాను.

ఉక్కు_పక్షం
ఈ సామానుతో, ఈ ఖర్చులో కుదరదన్నది ఒప్పుకుంటున్నాను. ఉక్కు మంచిదన్న మాటను మాత్రం ఒప్పుకోకుండా ఉండలేను. పెద్దాయన నంబరు నాకు విడిగా పంపగలరా?

రాజాం_రోడ్డు
విశాఖ ఫ్రేమును ఫోర్కుతోనే తీసుకోండి. మీ కార్బన్ ఫోర్కు తక్కువ బ్రేకు రీచ్‌ది. దానిలో మడ్‌గార్డుకు చోటు ఉండదు, కన్నాలు కూడా ఉండకపోవచ్చు. పైగా అది పొట్టి. పొడవైన ఫోర్కు కోసం గీసిన ఫ్రేముకు సెంటీమీటరు పొట్టి ఫోర్కు బిగిస్తే ముందు భాగం కిందికి దిగి, హెడ్ ట్యూబు కోణం అర డిగ్రీ దాకా నిటారవుతుంది. హ్యాండిలు తొందరపాటుగా తిరుగుతుంది. తడి రోడ్డు మీద అది మంచిది కాదు.

లెక్కల_మాస్టారు
స్టాక్ 20 మి.మీ. పెరిగింది కాబట్టి మీ 25 మి.మీ. స్పేసర్లలో 20 తీసేస్తే చేతులు పాత ఎత్తులోనే ఉంటాయి. ఇలా స్పేసర్లు తీసినప్పుడు చేయి ఒకింత ముందుకు జరుగుతుంది గాని, కొత్త ఫ్రేము రీచ్ 2 మి.మీ. తక్కువ, స్టెమ్ము మార్చనక్కరలేదు. కొనే ముందు ఆ ఫోర్కు గొట్టం పొడవు అడగండి. పాత యజమాని బాగా పొట్టిగా కోసి ఉంటే స్టెమ్ము పట్టడానికి చోటు చాలదు. పాత ఫోర్కులు కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

స్పోకు_తాళం
సీట్‌పోస్టుకు బెంగ లేదు. 27.2 పోస్టును 31.6 గొట్టంలో నిలిపే అల్యూమినియం షిమ్ము దొరుకుతుంది. ముందు డిరైలర్ మాత్రం మారాలి. మీ పట్టీ 31.8, గొట్టం 34.9. పెద్ద పట్టీని చిన్న గొట్టానికి సర్దవచ్చు, చిన్న పట్టీ పెద్ద గొట్టానికి ఎక్కదు. వెళ్లినప్పుడు టార్చి లైటు, మెత్తటి గుడ్డ తీసుకెళ్లండి. బాటమ్ బ్రాకెట్ చుట్టూ, డౌన్ ట్యూబు (బాటమ్ బ్రాకెట్ వైపు వాలే గొట్టం) హెడ్ ట్యూబును కలిసే చోట అడుగు వైపు, సీట్ ట్యూబు చీలిక మొన దగ్గర తుడిచి చూడండి. డౌన్ ట్యూబు అడుగున పెయింటు అలలు తేలి ఉంటే ఎదురుగా గుద్దుకున్న ఫ్రేము అని అర్థం. బాటమ్ బ్రాకెట్ మరలలో కప్పు చేత్తో రెండు చుట్లు తిరిగేలా చూడండి.

ఏడురోడ్ల_కూడలి
మరో దారి చెప్పనా? డెకథ్లాన్ ట్రైబన్ ఆర్‌సీ 100 వంటి సైకిలును సెకండ్‌హ్యాండ్‌లో పూర్తిగా కొనండి. అల్యూమినియం ఫ్రేము, మడ్‌గార్డు కన్నాలు ఉన్నాయి. దాని సామాను విప్పి అమ్మేస్తే ఫ్రేము చవకగా మిగులుతుంది.

రాజాం_రోడ్డు
మంచి ఆలోచనే. విశాఖ ఫ్రేములో లోపం కనిపిస్తే రెండో దారిగా అది ఉంచుకోవచ్చు. విప్పిన సామాను మన ఊళ్లలో త్వరగా అమ్ముడుపోదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

చంపావతి_గట్టు
విశాఖపట్నం వెళ్లి చూసి తీసుకున్నాను. చెప్పిన చోట్లన్నీ తుడిచి చూశాను, పగులు లేదు. కప్పు చేత్తోనే తిరిగింది. ఫోర్కు గొట్టం చాలినంత ఉంది. నాకు చెప్పిన ధరల ప్రకారం లెక్క ఇది: ఫ్రేము, ఫోర్కు 11,500, పొడవు రీచ్ కాలిపర్ల జత 3,000, ముందు డిరైలర్ 1,500, మడ్‌గార్డులు 1,500, హెడ్‌సెట్ 1,000, కేబుళ్లు 700, షిమ్ము 300. మొత్తం 19,500. ఫ్రేము పెద్దది కావడంతో బస్సులో పట్టదేమోనని ఆర్టీసీ కార్గోలో వేశాను, అట్టపెట్టెలో చెక్కుచెదరకుండా వచ్చింది.

పాత ఫ్రేము నుంచి కుడి కప్పు మాత్రం ఊడడం లేదు. ఎంత బలంగా తిప్పినా కదలడం లేదు.

స్పోకు_తాళం
ఎటు తిప్పుతున్నారు? ఈ రకం గొట్టంలో కుడివైపు మర ఎడమచేతి మర. ఊడదీయడానికి గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. మీరు మామూలు మర అనుకుని తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. చొచ్చుకుపోయే నూనె రాత్రి పోసి ఉంచండి. పళ్లన్నీ పూర్తిగా పట్టే తాళం నా దగ్గర ఉంది, ఆదివారం ఉదయం గంటస్తంభం వైపు వస్తున్నాను, తెస్తాను. కొత్త ఫ్రేములో బిగించేటప్పుడు మరలకు, షిమ్ముకు లోపలా బయటా, సీసా బోల్టులకు గ్రీజు రాయడం మరవకండి.

నౌపడ_గాలి
సీట్‌పోస్టును నెలకొకసారి తీసి తుడిచి మళ్లీ గ్రీజు రాయండి. అల్యూమినియంలో అల్యూమినియం బిగుసుకుంటే చివరకు రంపంతో కోయవలసి వస్తుంది.

మూడులాంతర్లు
పాత ఫ్రేమును ఏం చేస్తున్నారు? పాత సామాను కొనేవాడికి ఇస్తే అతడు ఎవరికో ఫ్రేముగానే అమ్ముతాడేమో.

చంపావతి_గట్టు
అలా జరగకూడదనే డౌన్ ట్యూబును రెండుగా కోసి తుక్కుగా ఇస్తాను. కప్పు ఊడిన తరువాతే కోస్తాను.